మాటల తూకము
ఇంగ్లీషు పర్యాయపదముల పోలిక ప్రశ్నలను గూర్చి

ప్రొద్దుటూరినుండి మా పాఠకురాలొకరు వ్రాసిన జాబు ఈ నెల మా ముందున్నది. వారి కుమార్తె పట్టపరీక్ష ముగించి, కేంద్ర ప్రభుత్వోద్యోగములకై స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వారు జరుపు పరీక్షకు రెండు పర్యాయములు కూర్చున్నదట. రెండుమార్లును కొద్ది మార్కులలో తప్పిపోయినదట. మూడవమారు కూర్చుందుననుచున్నది. "ఈ యేడు కాకుంటే సంబంధాలు చూస్తానని వాళ్ల నాయన తేల్చి చెప్పినాడు" అని తల్లి వ్రాసియున్నారు. అమ్మాయి వేయి యింగ్లీషు మాటల పట్టికను తప్పు లేక వల్లించుచున్నది. అయినను 'ఈ మాటకు ఆ మాట యెట్లో, మరియొక మాటకు ఏ మాట యట్లు?' అని యడుగు ప్రశ్నలకడ చిక్కుకొనుచున్నది. తాము ఐదవ తరగతితో బడి మానినవారమనియు, ఇంగ్లీషు రాదనియు, ఇందులో తాము చేయదగిన సాయమేదైన నున్నదా యనియు వారు మమ్ము అడిగినారు.

ఉన్నది. అది చిన్న సాయమును గాదు. ఆ తల్లికి ఇంగ్లీషు రాకపోవుట యీ పనికి వారనుకొన్నంత యడ్డు గాదని మేము నమ్ముచున్నాము. ఏలయన, ఈ ప్రశ్నలు పైకి ఇంగ్లీషు మాటలను గూర్చినవిగా కనబడినను, లోపల మాటకును మాటకును గల చుట్టరికమును గూర్చినవి. చుట్టరికములు లెక్కపెట్టుటలో మన యింటి యాడువారిని మించినవారు లేరుగదా.

ముందుగా ప్రశ్న రూపము తెలియనివారికై రెండు మాటలు. ఒక జత మాటలిచ్చి నడుమ రెండు చుక్కలు పెట్టుదురు. పిదప నాలుగు చుక్కలు. ఆ పిదప మరియొక మాట, దాని జతచోట ఖాళీ. రెండు చుక్కలను 'కు' అనియు, నాలుగు చుక్కలను 'ఎట్లో అట్లే' అనియు చదువుకొనవలెను. కర్నూలునకు కందెనవోలు అను పాతపేరున్నది గనుక ఆ కందెననే యెత్తుకొందము. కందెన : ఇరుసు :: నూనె : ? అని యడిగినారనుకొనుడు. 'కందెన ఇరుసు సులువుగా తిరుగుటకు పూయునది' అని మొదట వాక్యము చెప్పుకొనిన, 'నూనె దేనిని సులువుగా తిరుగజేయును?' అని రెండవ వాక్యము తానే వచ్చును. ఇచ్చిన మాటలలో తలుపు బందు ఉన్నచో అదియే జవాబు. దీపము ఉన్నను అది కాదు; దీపములోని నూనె వెలుగుట కుపయోగించును గాని తిరుగుటకు గాదు. పనిని బట్టి కుదిరిన చుట్టరికమిది. ఇట్టివానిలో మన పిల్లలు తరచుగా తప్పుపోరు. తప్పుపోవునది పర్యాయపదముల జతలలో. అనగా ఒకే యర్థమిచ్చు మాటలని పుస్తకములలో పక్కపక్కన అచ్చు వేసిన జతలలో.

ఒక ప్రశ్న చూడుడు. లకోనిక్ : టెర్స్ :: గర్యులస్ : ? జవాబునకు నాలుగు మాటలిచ్చిరి: టాసిటర్న్, ఎలొక్వెంట్, లొక్వేషస్, క్యాండిడ్. లకోనిక్ అనగా మితముగా మాటలాడు స్వభావము. గ్రీసుదేశమున స్పార్టావారి సీమకు లకోనియా యని పేరు. అచటివారు పొదుపుగా మాటలాడుదురని ప్రసిద్ధి, దానినుండి పుట్టిన మాట యిది. టెర్స్ అనగా క్లుప్తము. అనగా ఈ రెండును ఒక యర్థమువే. గర్యులస్ అనగా వదరుబోతు. దాని కర్థమున సరిపోవు మాట లొక్వేషస్, వాచాలమైనది. ఇంతవరకు సులువు. కాని ఇచ్చిన నాలుగింటిలో మొదటనే టాసిటర్న్ అని కూర్చుండబెట్టిరి చూచితిరా? దాని కర్థము మితభాషి. తొందరలోనున్న పిల్ల లకోనిక్ మాటను చూచి, దానికి తాను వల్లించిన అర్థము టాసిటర్నునకును ఉన్నదని గుర్తుపట్టి, సంతోషముతో దానిపై గుర్తు పెట్టి ముందునకు పోవును. అది మొదటి జత యింటి చుట్టము. రెండవ జత యింటికి వచ్చి కూర్చున్నది. ఎలొక్వెంట్ మరియొక యుచ్చు. వాగ్మియు ఎక్కువగా మాటలాడవచ్చును గాని, వాగ్మి గొప్ప మాటలోని యందములో నున్నది, లెక్కలో లేదు.

కావున మొదటి నియమమేమన, జవాబులవైపు కన్నెత్తి చూడకముందే జతలోని చుట్టరికమును ఒక వాక్యముగా నోటితో చెప్పుకొనవలెను. తెలుగులో చెప్పుకొనినను చాలును. తెలుగులో చెప్పుకొనుటయే మేలని మా యభిప్రాయము. ఇంగ్లీషులో చెప్పుకొను పిల్ల వాక్యము కుదురక ముందే విసిగి జవాబులలోనికి దూకును.

ఇక ఆ వేయి మాటల పట్టిక సంగతి. అట్టి పట్టికలు మేము కొన్ని తెప్పించి చూచితిమి. చూచి కొంత చింతించితిమి. ఎడమవైపున ఇంగ్లీషు మాట, కుడివైపున ఒక్క తెలుగుమాట. ఆబ్‌స్టినేట్, మొండి. టెనేషస్, మొండి. ఆబ్‌డ్యురేట్, మొండి. రెజొల్యూట్ అను మాటకు ఒక పుస్తకములో దృఢమైన యనియు, మరియొక పుస్తకములో మొండి యనియే యున్నది. నాలుగు వేరు వేరు ధాన్యములను ఒక్క గోతములో పోసి కుట్టివేసినట్లయినది. పిల్ల వల్లించినది గోతము పేరు. పరీక్షలో అడిగినది గింజ పేరు. ఇందు పిల్ల జ్ఞాపకశక్తిలో లోపమేమియు లేదు.

విడదీసి చూతము. టెనేషస్ అనగా పట్టినపట్టు విడువనిది, ఉడుముపట్టు వంటిది. రెజొల్యూట్ అనగా నిశ్చయము చేసికొని దానిపై నిలిచినది. మనము దృఢసంకల్పమందుము, పట్టుదల యందుము. ఆబ్‌స్టినేట్ అనగా తప్పని తెలిసినను మార్చుకొననిది. ఇదియే మన మొండితనము. ఆబ్‌డ్యురేట్ అనగా ఎవరెంత బ్రతిమాలినను కరుగనిది, పాషాణహృదయము. వీనిలో రెండు మెచ్చుకోలు మాటలు, రెండు తెగడు మాటలు. ఇపుడు ప్రశ్న: రెజొల్యూట్ : ఆబ్‌స్టినేట్ :: ఫ్రూగల్ : ? ఇచ్చిన మాటలు ఎకనామికల్, లావిష్, మైజర్లీ, పూర్. ఫ్రూగల్ అనగా పొదుపరి. దానికి పర్యాయపదము వెదకిన పిల్ల ఎకనామికల్ అని వ్రాయును, తప్పుపోవును. 'పట్టుదలను గిట్టనివాడు మొండితనమనును. అట్లే పొదుపును గిట్టనివాడు ఏమనును?' అని యడుగుకొనిన పిల్ల పిసినారితనమని చెప్పి, మైజర్లీ వ్రాయును.

మా జాబు వ్రాసిన తల్లి యీ పాఠమును పుస్తకము లేకయే చెప్పగలరు. వారి యింటిలో మాటలిట్లు సాగినవనుకొందము.

"ఏమ్మే, ఈ రెండు మాటలకూ తేడా ఏముండాది?"

"ఏం లేదమ్మా. రెండిటికీ మొండి అనే రాసినారు బుక్కులో."

"అట్లయితే నువ్వు మూడోసారి పరీక్ష రాస్తానంటే మీ నాయన ఏమన్నాడు?"

"మొండిది అన్నాడు."

"నేనేమన్నాను?"

"పట్టుదల అన్నావు."

"మరి తేడా లేదంటావే?"

ఇచట ఒక మాట యనక మానలేము. మూడుమార్లు పరీక్ష వ్రాయు కుమారుని పట్టుదల గలవాడని వీధిలోనివారు మెచ్చుకొందురు. అదే పని కూతురు చేసిన మొండిది యందురు. పని యొక్కటే, మాట మారినది. మాట మారగానే సంబంధములవారికి జాబులు పోవుచున్నవి. పర్యాయపదములను తూచుట పరీక్షాగదిలో మాత్రమే అక్కరకు వచ్చు విద్యయని యెవరైన ననుకొనిన, వారు తమ యింటిలో తమ కూతును గూర్చి వాడు మాటలను ఒక దినము చెవియొగ్గి వినవలెను.

మన సీమ పేరే యిందుకు సాక్ష్యము. 1800వ సంవత్సరమున నిజాము బళ్లారి, కడప, కర్నూలు ప్రాంతములను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేసెను. కంపెనీవారు వానిని సీడెడ్ డిస్ట్రిక్టులనిరి, తెలుగున దత్తమండలములైనవి. దత్తమనగా ఇచ్చివేయబడినది. నూరేండ్లకు పైబడి మనవారు ఆ పేరుతోనే తమ్ము తాము పిలుచుకొనిరి. 1928 నవంబరులో నంద్యాలయందు జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు ఆ పేరు మాని రాయలసీమ యనవలెనని సూచించిరి. ఆ పేరు నిలిచినది. నేల యదియే, వాన యంతియే, పటములో గీత మారలేదు. ఒక పేరులో ఎవరో ఎవరికో ఇచ్చివేసిన సొత్తున్నది, రెండవ పేరులో విజయనగర రాయలున్నారు. అర్థమొక్కటే గదా యని నిఘంటువు చెప్పవచ్చును. ఒక్కటే యైనచో సభలో పేరు మార్చుట కంత పట్టుపట్టనేల?

మెప్పు, తెగడికల తూకము తరువాత చూడవలసినది హెచ్చుతగ్గుల కొలత. హంగ్రీ : రావెనస్ :: థర్స్టీ : ? అను ప్రశ్నలో మొదటి జత అర్థము ఆకలియే. కాని రెండవ మాటలో కడుపు నకనకలాడుచున్నది. కావున దప్పికను తెలుపు మాటలలో నోరు పిడచకట్టిన మాట కావలెను. ఇచ్చినవి ఆరిడ్, పార్చ్‌డ్, క్వెంచ్‌డ్, డ్యాంప్. మన ప్రాంతపు పిల్లలు ఇందు ఆరిడ్ అను మాటకడ ఆగుదురు, ఏలయన మన జిల్లాలను గూర్చి ఇంగ్లీషున వ్రాయువారెల్లరు ఆ మాటయే వాడుదురు. చెవికి అలవాటైన మాట. కాని ఆరిడ్ అనునది నేలకును వాతావరణమునకును చెల్లును. మనిషి గొంతు ఆరిడ్ అని యెవరు ననరు. పార్చ్‌డ్ అనునది నేలకును గొంతుకును రెంటికిని చెల్లును. కావున అదియే జవాబు. హెచ్చుతగ్గులే గాక, మాట దేనికి చెల్లునో దేనికి చెల్లదో కూడ చూడవలెనని యిందువలన తేలుచున్నది.

ఈ రకపు తేడాలలో మెట్టసేద్యపు ఇండ్లలో పుట్టినవారికి వేరుగ చెప్పవలసినది లేదు. మబ్బును నమ్ముకొని బ్రదుకు ప్రజ వానను ఒక్క మాటతో పిలిచి యూరకుండునా? చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడి, కుండపోత. తుంపరకును ముసురుకును తేడా బలములో లేదు, ఎంతసేపు పట్టియుండునన్న దానిలో నున్నది. జల్లునకును కుండపోతకును తేడా బలములో నున్నది. మరియు అదను, పదును అను జత మాటలున్నవి. విత్తనము వేయుటకు తగిన కాలము అదను. విత్తనము వేయుటకు తగిన తేమ పదును. కాలము : అదను :: తేమ : పదును. ఇంతకంటె చక్కని పోలిక ప్రశ్నను ఏ పరీక్షకుడును కూర్పజాలడు. వేరుసెనగ విత్తు ఇంటి యిల్లాలు దీనికి జవాబు చెప్పుటకు నిమిషము పట్టదు.

మూడవది మాట కట్టుకొన్న బట్ట. నిప్పు, అగ్గి, అగ్ని యని మన భాషలో మూడున్నవి. నిప్పు దేశ్యము, అగ్గి తద్భవము, అగ్ని తత్సమము. పొయ్యిలో నిప్పు లేదందుము గాని పొయ్యిలో అగ్ని లేదనము. అగ్నిసాక్షిగా పెండ్లి యందుము గాని నిప్పుసాక్షిగా ననము. ఇంగ్లీషునకును ఈ మూడంతస్తులును ఉన్నవి. 1066లో నార్మనులు ఇంగ్లాండును జయించిన పిమ్మట ఫ్రెంచిమాటలు దొరల భాషగా ఆ దేశమున వెల్లివిరిసినవి. చదువుకొన్నవారు లాటిన్ మాటలు తెచ్చిపెట్టుకొనిరి. అందుచేత రాజునకు సంబంధించినదను నర్థమున కింగ్లీ అను ఇంటిమాట, రాయల్ అను ఫ్రెంచివారి మాట, రీగల్ అను లాటిన్ మాట మూడును నిలిచినవి. బ్రదర్లీ : ఫ్రటర్నల్ :: కింగ్లీ : ? అని యడిగినచో రీగల్ వ్రాయవలెను, ఏలయన మొదటి జత ఇంటిమాటనుండి లాటిన్ మాటకు పోయినది. బిగిన్ : కమెన్స్ :: ఆస్క్ : ? అనగా ఇంక్వైర్. అక్కడ బెగ్ అను మాట యిచ్చి మోసపుచ్చుదురు. బెగ్ అనగా అడుక్కొనుట, అడుగుటలో ఒక రకము గాని అడుగుటకు పట్టుబట్ట కట్టిన రూపము గాదు. వంటయింటి నీళ్లు పూజగదిలో తీర్థమగుటయు, అన్నము నైవేద్యమగుటయు నిత్యము చూచు స్త్రీకి ఇది క్రొత్త సంగతి కాదు.

ఇచట కడపను తలపక పోరాదు. 1820లో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కలెక్టరుగారి సహాయోద్యోగిగా కడపకు వచ్చెను. తరువాత అచట బంగళా కొని, తన సొంత జీతమునుండి పండితులకు జీతములిచ్చి, తెలుగు గ్రంథములను వ్రాయించి, సరిచూపించెను. ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో మదరాసున వెలువడినది. కావ్యములలోని మాటలతోబాటు సంతలో వినబడు వాడుక మాటలనుగూడ ఆయన దానిలో చేర్చెను. ఆ బంగళా యున్న యెర్రముక్కపల్లెలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికచేత ఆయన పేర గ్రంథాలయము వెలసినది; ఈనాడది భాషాపరిశోధన కేంద్రమై యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చేరియున్నది. ఆ దారిని బస్సులో పోవు పిల్లలు ఒక దినము దిగి లోనికి పోవలెను.

ఆ 1852లోనే లండనులో మరియొక పుస్తకము వెలువడినది. పీటర్ మార్క్ రోజెట్ అను వైద్యుడు తన వృత్తి చాలించిన పిమ్మట, డెబ్బదిమూడేండ్ల వయసున, ఇంగ్లీషు పర్యాయపదములను అక్షరక్రమమున గాక భావములను బట్టి గుంపులుగా కూర్చి ప్రకటించెను. థెసారస్ అని నేటి పిల్లలు సంచులలో మోయు పుస్తకములకు అదియే మూలపురుషుడు. ఆయన తన పీఠికలో, ఇట్టి కూర్పులలో తనకు తెలిసిన పాతది మన అమరకోశమని చెప్పెను; దాని యమరిక గందరగోళముగా నున్నదనియు అనెను. అనుగాక. మన తాతలు బడిలో మొట్టమొదట కంఠస్థము చేసినది ఆ గందరగోళమునే. తెలుగుమాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము గలదు. పద్యరూపమున పర్యాయపదములను వల్లించుట మన పాతచదువు. దాని లోపమును చెప్పవలెను: వల్లెలో మాటలన్నియు సమానములై సాగిపోవును, ఏ మాట ఎచట చెల్లునో వల్లె చెప్పదు. గురువు కావ్యము చెప్పునపుడు అది తెలియుచుండెను. నేటి పట్టికలకు వల్లె మిగిలినది, కావ్యము పోయినది.

ఈ ప్రశ్నలు న్యాయమైనవేనా యని యొక సోదరి లోగడ అడిగియుండిరి. అన్నివేళల కావు. అమెరికాలో కళాశాల ప్రవేశమునకు జరుపు శాట్ పరీక్షలో ఒకప్పుడు రన్నర్ : మారథాన్ :: ఓర్స్‌మన్ : రెగాటా యను ప్రశ్న వచ్చెను. రెగాటా అనగా పడవల పందెము. నదీతీరపు ధనికుల బిడ్డలకు తెలిసిన యా మాట, పేదవాడలలోని పిల్లలకు తెలియునా యని అచటివారే తగవులాడిరి. శాట్ పరీక్షనుండి 2005లో పోలిక ప్రశ్నలు తీసివేసిరి. పై చదువులకు మనపిల్లలు వ్రాయు జీఆర్ఈ పరీక్షనుండి 2011లో తీసివేసిరి. దానికి బదులు వాక్యములో ఖాళీ యిచ్చి, ఒకే యర్థము కుదుర్చు రెండు మాటలు ఏరుమనుచున్నారు. అదియు పర్యాయపదముల తూకమే, రూపము మారినది. మన దేశపు పోటీపరీక్షలలో మాత్రము పాతరూపమే నిలిచియున్నది. స్టాఫ్ సెలెక్షన్ వారి పాఠ్యప్రణాళికలో అర్థసంబంధ పోలికలని పేరు పెట్టియే చేర్చిరి. 2023నుండి వారు మల్టీ టాస్కింగ్ ఉద్యోగుల పరీక్షను తెలుగుతో గూడ 13 ప్రాంతీయభాషలలో జరుపుచున్నారు గనుక, తెలుగు పోలికలను సాధన చేసినది వృథాపోదు. మా మట్టుకు మాకు, కవ్వము : చల్ల యని యొక ప్రశ్న ఢిల్లీ పరీక్షకులు వేసి, నగరపు పిల్లలు తల గోకికొనుచుండగా చూడవలెనని కోరిక గలదు.

కాలము సంగతి చెప్పుదుము. 2024 పట్టభద్రుల స్థాయి పరీక్ష మొదటి అంచెలో 60 నిమిషములలో 100 ప్రశ్నలు. అనగా ప్రశ్నకు 36 సెకండ్లు. ఒప్పునకు 2 మార్కులు, తప్పునకు అర మార్కు కోత. సందేహమున్నపుడు వ్రాయవలెనా, విడువవలెనా? ఇల్లాలి లెక్క వేయుడు. వాక్యము చెప్పుకొని నాలుగింటిలో రెండు మాటలను ఖాయముగా త్రోసివేయగలిగితిరా, అట్టి ప్రశ్నలు నాలుగు వ్రాసినచో సగటున రెండు ఒప్పగును, 4 మార్కులు. రెండు తప్పగును, 1 మార్కు కోత. చేతికి 3 మిగులును. వ్రాయుటయే మేలు. ఒక్క మాటయైనను త్రోసివేయలేనిచో లాభము మిక్కిలి స్వల్పము. ఆ 36 సెకండ్లు తరువాతి ప్రశ్నకు దాచుకొనుట మంచిది.

ఇక తల్లి చేయవలసిన పని. రాత్రి భోజనములైన పిదప అరగంట చాలును. అమ్మాయి ఇంగ్లీషు మాట చదివి, దాని యర్థమును ఒక్క మాటలో గాక ఒక పూర్తి వాక్యములో తెలుగున చెప్పవలెను. తల్లి వినుచు మూడే యడుగవలెను: ఇది ఆ రెండవదానికంటె ఎక్కువా తక్కువా? ఇది మెచ్చుకొనుటకా తిట్టుటకా? దీనిని ఎవరిని గూర్చి, ఎక్కడ అందురు? అమ్మాయి తడబడిన చోట ఆ మాట ఆమెకు రాలేదన్నమాట, పట్టికలో ఎన్నిమార్లు గుర్తు పెట్టుకొన్నను సరే. తల్లికి ఇంగ్లీషు రాకుండుట యిందు లాభమే. ఇంగ్లీషు వచ్చినవారు పిల్ల సగము చెప్పగానే 'ఆఁ, తెలిసినది' అందురు. రానివారు తమకు తెలియువరకు వదలరు. అట్లు చెప్పి చెప్పి పిల్లకే తెలిసిపోవును.

నోటుపుస్తకములో మాటకు ఎదురుగ మాట వ్రాయుట మానిపింపవలెను. ఒక పుటపై మొండి అని నడుమ వ్రాసి, దాని చుట్టును ఆ నాలుగు ఇంగ్లీషు మాటలను, ఒక్కొక్కదానిక్రింద ఇంటిలోనో వీధిలోనో అది చెల్లు మనిషిని వ్రాయుమనుడు. పిసినారి అను పుట యుండును, వదరుబోతు అను పుట యుండును. దినమునకు ఒక్క పుటయే. వేయి మాటల పట్టికకు ఇట్లు రెండువందల యేబది పుటలకు మించి కావు, ఏలయన నాలుగేసి మాటలు ఒక్కొక్క గోతములోనివే. పరీక్షకు తొమ్మిది నెలలున్నచో నెమ్మదిగా సరిపోవును. వదరుబోతు పుటలో ఏ మేనత్త పేరు వ్రాసికొన్నదో తండ్రికి చూపనక్కరలేదు.

ఒక హెచ్చరిక గూడ. ప్రతి ఇంగ్లీషు మాటకు తెలుగున సరియైన జత దొరకదు. దొరకనపుడు బలవంతముగా ఒక సంస్కృతపదమును అతికింపక, వాక్యముతోనే సరిపెట్టుకొనవలెను. అతికించిన మాట వలన పిల్లకు రెండు భాషలలోను ఒక్కొక్క తెలియని మాట మిగులును.

ఈ మాసపు సాధన:

నిప్పు : అగ్ని :: నీరు : ? (తడి, ఉదకము, చెరువు, మంచు)

హ్యాపీ : ఎక్‌స్టాటిక్ :: శాడ్ : ? (మెలంకలీ, జోవియల్, డిస్‌కన్సొలేట్, సోబర్)

కాన్ఫిడెంట్ : ఆరొగెంట్ :: క్యూరియస్ : ? (ఇన్‌క్విజిటివ్, ఇండిఫరెంట్, నోజీ, లెర్నెడ్)

జవాబుతోబాటు చుట్టరికమును తెలిపెడు వాక్యమును వ్రాసి పంపవలెను. వాక్యము లేని జవాబులను మేము లెక్కింపము. మూడవదానిలో మేము కోరిన జవాబు నోజీ, అనగా ఇరుగుపొరుగు సంగతులలో తల దూర్చునది. కావున దానికి జవాబు గాక వాక్యము మాత్రమే పంపుడు. ఇన్‌క్విజిటివ్ అని వాదింపదలచిన అమ్మాయిలు కారణము చూపుదురుగాక. ఆ మాటకు మంచివాడుకయు చెడ్డవాడుకయు రెండును గలవు గనుక, వారి వాదము సరిగానున్నచో వచ్చు నెల దానినిగూడ అచ్చు వేసెదము.